లోక్‌మ్యాడీ వంటింట్లో గేలిక్ పాట

స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఉన్న నార్త్ యూయిస్ట్ దీవికి వెళ్దామని పట్టుబట్టింది నేనే. గ్లాస్గోలో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజుల్లో, రేడియోలో జూలీ ఫౌలిస్ అనే గాయని పాట విన్నాను. పాట స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో, అందులో ఒక్క ముక్క రాదు నాకు. అయినా స్టవ్ ఆపేసి పాట అయ్యేదాకా అలాగే నిలబడి విన్నాను. ఆమె పుట్టి పెరిగిన దీవి అదేనని తర్వాత తెలిసింది.

స్కై దీవిలోని ఊయిగ్ నుంచి నార్త్ యూయిస్ట్ రేవు లోక్‌మ్యాడీకి ఓడలో దాదాపు గంటా ముప్పావు ప్రయాణం. గాలి ఎక్కువగా ఉందని మా ఓడ రద్దయింది, పైగా బాబుకి జ్వరం, ఆ రాత్రంతా ఒకటే టెన్షన్. మర్నాడు ఎండ కాసింది, ఓడ కదిలింది, జ్వరమూ తగ్గింది.

ఈ దీవిలో నేల కన్నా నీళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది, ఎటు చూసినా మడుగులే. పడమటి ఒడ్డున మచర్ అంటారు, గవ్వల పొడి ఇసుక మీద మొలిచిన పచ్చిక బయలు, జూన్ కదా, అడుగు తీసి అడుగు వేస్తే పూలే.

మేం దిగిన ఇంటావిడకి జూలీ పేరు చెప్పగానే ముఖం విప్పారింది. జూలీ యూనివర్సిటీలో సన్నాయి లాంటి ఓబో వాయించడం నేర్చుకున్న అమ్మాయి, తర్వాత స్కైలోని గేలిక్ కాలేజీలో చేరి, 2005లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. 2008లో బీబీసీ రేడియో 2 వాళ్ళ ఫోక్ సింగర్ ఆఫ్ ద ఇయర్ అవార్డు. 2012లో పిక్సార్ సినిమా ‘బ్రేవ్’లో ఆమె గొంతు ప్రపంచమంతా విన్నది. నాకు మాత్రం అంతకన్నా పెద్ద పని అనిపించేది, ఆమె పాడటంతో ఆగకుండా రేడియోలో, టీవీలో కార్యక్రమాలు నడపడం. 2011 లెక్కల ప్రకారం స్కాట్లాండ్‌లో గేలిక్ మాట్లాడేవాళ్ళు 57 వేల పైచిలుకు, అంతే. అంత తక్కువమంది భాషకి పాట ఒక్కటే చాలదు, రోజూ చెవిన పడే మాటలూ కావాలి, వాతావరణం కబురు దగ్గర్నుంచి.

రాత్రి భోజనాలయ్యాక ఆవిడ ఒక తువ్వాలు తడిపి బల్ల మీద వేసి, ఇదిగో ఇలా అంటూ రెండు చేతులతో మోదుతూ ఒక పాట ఎత్తుకుంది. ఒకప్పుడు నేసిన ఉన్ని బట్ట చిక్కబడటానికి ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఇలాగే కొట్టేవాళ్ళట, ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్ళు పల్లవి, ఆ పల్లవిలో చాలావరకు అర్థం లేని అక్షరాలే, దెబ్బకి తగ్గ ఊపు కోసం. నాకు వెంటనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. వడ్లు దంచుతూ ‘సువ్వీ సువ్వీ’ అనేది, సువ్వి అంటే ఏంటి నాయనమ్మా అని అడిగితే రోకలి ఆపకుండానే నవ్వేది. ఆ సంగతి చెప్పాను. ఆవిడ ‘సువ్వీ’ అని రెండుసార్లు అనుకుని, తువ్వాలు నా ముందుకి తోసి, నువ్వు పాడు అంది.

నాకు గుర్తున్నవి రెండే చరణాలు. పాడాను. మూడోసారి పల్లవికి ఆవిడ కూడా గొంతు కలిపింది, బల్ల మీద తడి బట్ట దెబ్బ తప్పకుండా పడుతూనే ఉంది. నాయనమ్మ పాటని ఏనాడూ రికార్డు చేయలేదు మేము. ఇంటికి ఫోన్ చేసి, పెద్దత్తకి ఎన్ని చరణాలు గుర్తున్నాయో కనుక్కోమన్నాను.