సమాధిలో ఆకుమడి

ఈజిప్టు సమాధుల బొమ్మలనగానే అందరూ నీలికలువ దగ్గరే ఆగిపోతారు. పొద్దున్న విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వు, మర్నాడు మళ్ళీ విచ్చుకుంటుంది కాబట్టి పోయినవాళ్ళూ అలాగే లేస్తారని వాళ్ళ నమ్మకం, అందుకే విందు బొమ్మల్లో ఆడవాళ్ళ తలల మీదా ముక్కుల దగ్గరా అదే పువ్వు. బాగుంది. కానీ కోనసీమలో వరి మధ్య పెరిగిన నాకు దానికంటే నచ్చింది మొలకల ఒసిరిస్.

ఒసిరిస్ వాళ్ళకి మృతుల లోకపు దేవుడు. తమ్ముడు సేత్ చంపేస్తే భార్య ఐసిస్ మళ్ళీ ప్రాణం పోసిందంటారు. బొమ్మల్లో ఆయన ఒళ్ళు ఒకచోట ఆకుపచ్చ, ఇంకోచోట నలుపు; ఆకుపచ్చ పైరుకి, నలుపు నైలు వరద తెచ్చే ఒండ్రుకి గుర్తు. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో ఒసిరిస్ ఆకారంలో మనిషంత చెక్క చట్రం ఉంది. అందులో ఒండ్రుమట్టి నింపి, గింజలు చల్లి, నీళ్ళు పెట్టి, మొలకలొచ్చాక గుడ్డ చుట్టి సమాధిలో పెట్టేశారు. రాజబంధువులైన యూయా, తూయా దంపతుల సమాధిలోనూ ఇలాంటిదే దొరికింది.

మా వైపు విత్తనాలు ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు గోనెసంచుల్లో మండె కట్టి, మొలకెత్తాక ఆకుమడిలో చల్లుతారు. పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు పోసేదీ మొలకల కోసమే, కాకపోతే మనం పెళ్ళికి పోస్తాం, వాళ్ళు చావుకి పోశారు. రెండింటికీ చుట్టరికం కలిపే పని నేను పెట్టుకోను. వరద మట్టిలో బతికేవాళ్ళకి ఇలాంటివి తోస్తాయి, అంతే.

రాజుల సమాధులు కట్టే పనివాళ్ళ ఊరు దేర్ ఎల్ మదీనాలో, సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి గోడ మీద బొమ్మ ఇంకా తమాషా. పరలోకంలో ఆయన ఎడ్లతో దున్నుతుంటే భార్య వెనకాలే గింజలు చల్లుతూ వస్తుంది, కింద ఖర్జూరం చెట్ల వరస. ఇద్దరివీ మల్లెపువ్వు లాంటి బట్టలు, మట్టి చుక్క లేదు. ఆ ఫోటో చూసి మా నాన్న, "దమ్ములోకి ఇస్త్రీ బట్టలేంట్రా!" అన్నారు.

అసలు పని తప్పించుకునే దారి కూడా చూసుకున్నారు. పరలోకంలో పొలం పనికి పిలుపొస్తే తమ బదులు లేచి వెళ్ళడానికి ఉషబ్తీలని చిన్న బొమ్మలు పెట్టుకునేవారు. టుటన్‌ఖామున్‌కి 413 ఉన్నాయి, రోజుకొకడి లెక్కన 365 మంది కూలీలు, పైన 48 మంది మేస్త్రీలు. ఊడ్పుల్లో మనుషులు దొరక్క ఫోన్లు పట్టుకుని తిరిగే మా ఊరి రైతులకి ఈ సంగతి చెబితే, కూలి ఎంతో కనుక్కోమంటారు.