ఆ ఒక్క ప్రశ్న అడగకుండా కూర్చోవడానికి

వీలునామా మీద నడిచే పార్టిషన్ సూట్‌లో (ఆస్తి పంపకం దావాలో) అసలు పోరాటమంతా దాని మీద సాక్షి సంతకం పెట్టిన మనిషి దగ్గరే ఉంటుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి సంతకం పెడుతుంటే సాక్షి చూసి ఉండాలి, లేకపోతే అది తన సంతకమేనని ఆయనే స్వయంగా చెప్పగా విని ఉండాలి. ఆ రెండో దారి నాకు చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు.

మా క్లయింట్ కూతురు. తండ్రి ఆస్తిలో వాటా అడిగితే అన్నగారు వీలునామా బయటపెట్టారు. అది రిజిస్టర్ కాలేదు, అందులో కూతురి ఊసే లేదు. అనుమానించదగ్గ పరిస్థితులుంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చినవాళ్ళదేనని 1959లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే డీడబ్ల్యూ-2గా, అంటే ప్రతివాదుల రెండో సాక్షిగా వచ్చిన, వీలునామా మీద సాక్షి సంతకం పెట్టిన పెద్దాయన చీఫ్ అఫిడవిట్‌లో (ప్రమాణం చేసి రాసిచ్చిన వాంగ్మూలంలో) వంక పెట్టడానికి ఏమీ లేదు. తన కళ్ళముందే సంతకం జరిగిందని రాసి ఉంది. మా సీనియర్‌గారు కేసు కట్ట నా చేతికిచ్చి, "ఈ క్రాస్ నువ్వే చెయ్యమ్మా" అన్నారు. క్రాస్ అంటే అవతలి పక్షం సాక్షిని మనం ప్రశ్నించడం.

ప్రశ్నలు రాసుకోవడం పెద్ద కష్టం కాలేదు. కష్టమల్లా జవాబులతోనే. ప్రతి ప్రశ్న కింద నాకు కావలసిన జవాబు కాకుండా, నాకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టే జవాబు రాసి, దాన్ని పైకి చదివేదాన్ని. మొదట్లో చదువుతుంటేనే గొంతు తడారిపోయేది. నాలుగైదుసార్లు విన్నాక ఆ మాటలో పదును తగ్గిపోయేది. ధైర్యం తెచ్చుకో అని ఎంతమంది చెప్పినా రాని నెమ్మది ఈ పని వల్ల వచ్చింది. సీనియర్‌గారు నోట్‌బుక్ చూసి సగం ప్రశ్నలు కొట్టేశారు. "అడగడం అందరికీ వస్తుంది. ఎక్కడ ఆపి కూర్చోవాలో తెలియాలి" అన్నారు.

ఇంత తయారీనీ వాయిదాలు మింగేస్తాయి. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి సాక్షికి ఒంట్లో బాగోలేదు, ఇంకోసారి అవతలి వకీలుగారికి హైకోర్టులో పని. పొద్దున్నంతా టెన్షన్‌తో బిగుసుకుపోయి, బెంచ్ క్లర్క్ కొత్త తేదీ చెప్పగానే ఒక్కసారిగా నీరుగారిపోవడం. మళ్ళీ మొదటినుంచీ మనసు కూడదీసుకోవాలి. కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరెందుకో.

నాకు ప్రార్థన నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడే. లూకా సువార్త 18వ అధ్యాయంలో విధవరాలి ఉపమానం చిన్నప్పటినుంచీ వింటున్నదే. దేవుడికి భయపడని, మనిషిని లెక్కచేయని న్యాయాధిపతి దగ్గరికి ఆమె మాటిమాటికీ వెళ్తుంది. ఆ పోరు పడలేక చివరికి ఆయన న్యాయం తీరుస్తాడు. (ఆ కథలో వకీలు ఎక్కడా లేడు. మా వృత్తివాళ్ళం దాన్ని కాస్త వినయంగా చదవాలి.) ఆమె అడిగింది మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకటే. నేను అడిగేది అలా నిలవలేదు. మొదట్లో కేసు గెలిపించు ప్రభువా అనే అడిగాను. రోజూ అదే అడుగుతుంటే ఒక పొద్దున తట్టింది, అవతలి కుటుంబమూ ఇదే అడుగుతూ ఉంటుంది కదా అని. ఆ తర్వాత గెలిపించు అనడం నోటికి రాలేదు. గాభరా పడకుండా చూడమన్నాను. ఇంకొన్నాళ్ళకి, ఆ పెద్దాయన్ని అవమానించకుండా నిజం రాబట్టే ఓపిక ఇమ్మన్నాను. చివరికి మిగిలింది చాలా చిన్న కోరిక: ఎక్కడ ఆగాలో అక్కడ ఆపు.

ఆ రోజు ఎట్టకేలకు సాక్షి బోనెక్కాడు. ఊరు, వయసు, చుట్టరికం గురించి అడిగి అసలు విషయానికి వచ్చాను.

"మిమ్మల్ని పిలిపించింది వాళ్ళబ్బాయే కదండీ?"

"అవునండి."

"మీరు వెళ్ళేసరికే ఆ కాగితం మీద తండ్రిగారి సంతకం ఉంది కదా?"

"ఉందండి. దాని పక్కన నన్ను సంతకం పెట్టమన్నారు."

జడ్జిగారు తలెత్తి చూసి, ఆ మాట టైపిస్టుకి చెప్పి రాయించారు. 'అంటే అది ఆయన సంతకమో కాదో మీకు తెలియదన్నమాట' అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే, "తెలియకపోవడమేమిటి, తనదేనని ఆయనే చెప్పాడు" అని వచ్చే ప్రమాదముంది. 63వ సెక్షన్‌కి ఆ ఒక్క మాట చాలు. నోట్‌బుక్‌లో ఆ ప్రశ్న చుట్టూ సీనియర్‌గారు గీసిన ఎర్ర గీత కనిపిస్తూనే ఉంది. మామూలుగా వేసే సజెషన్లు (మా పక్షం వాదనను సాక్షి ముందు పెట్టే ప్రశ్నలు) వేశాను, సాక్షి వాటిని నిజం కాదన్నాడు, కూర్చున్నాను.

అవతలి వకీలుగారు రీ-ఎగ్జామినేషన్‌కి, అంటే క్రాస్ అయ్యాక తమ సాక్షిని మళ్ళీ ప్రశ్నించడానికి లేచి, "అది తన సంతకమేనని ఆయన మీతో చెప్పారు కదా?" అన్నారు. లీడింగ్, అంటే జవాబును ప్రశ్నలోనే అందించడమని అభ్యంతరం చెప్పాను, జడ్జిగారు ఒప్పుకున్నారు. ప్రశ్న మార్చి ఆయన మీతో ఏమన్నారని అడిగితే, పెద్దాయన కాసేపు ఆలోచించి, "కాసేపు కూర్చుని వెళ్ళమన్నారండి" అన్నాడు.

కేసు ఇంకా తేలలేదు. రెండో సాక్షిని పిలిపించాలని వాళ్ళు పిటిషన్ వేశారు. దానికి కౌంటర్ (మా అభ్యంతరాల జవాబు) రాస్తున్నాను, ఒకవేళ పిటిషన్ అలౌ అయితే అతన్ని అడగాల్సిన ప్రశ్నలు కూడా.