మా మామ సైకిల్ స్టాండు లెక్క

లాస్ ఏంజెలెస్‌ను ఆనుకొని ఉన్న బర్బాంక్‌లో నేను చేసే ఉద్యోగం ఏమిటో ప్రొద్దుటూరులో విడమరిచి చెప్పడానికి ప్రతి సెలవులోనూ నాకు ఒక పూట పడుతుంది. కూర్పు ఇంకా పూర్తికాని సినిమాను కొన్ని వందల మందికి చూపించి, చివర్లో వాళ్ళ చేత కార్డులు నింపించి, వాటి లెక్క కట్టి, విడుదలైన శుక్రవారం ఎవరు వస్తారో, ఎవరు రారో స్టూడియోకు ముందుగా చెప్పడం మా పని. ఇది విన్న మా మేనమామ "అయితే సోది చెప్తాండావన్నమాట" అన్నాడు. ఆయన మా ఊళ్ళో ఒక థియేటరుకు ముప్పై ఏళ్ళకు పైగా మేనేజరుగా పనిచేసినవాడు కాబట్టి, ఆ మాటలో ఎగతాళి ఎంత ఉందో, సాటి పనివాడి ఆప్యాయత ఎంత ఉందో నేను తేల్చుకోలేకపోయాను.

మా సోదికి నాలుగు గళ్ళు ఉంటాయి. 25 ఏళ్ళ లోపు మగవాళ్ళు, 25 దాటిన మగవాళ్ళు, అట్లాగే ఆడవాళ్ళలో రెండు. వీటిని హాలీవుడ్ మార్కెటింగ్ వాళ్ళు క్వాడ్రంట్లు అంటారు. నాలుగు గళ్ళ జనాన్నీ రప్పించగల సినిమా ఫోర్ క్వాడ్రంట్ సినిమా, భారీ బడ్జెట్ల ఆశ అంతా దాని మీదే. మాల్ బయట నిలబడి ఉచిత ప్రదర్శనకు పాసులు పంచే కుర్రవాళ్ళు ఏ గడి ఎంత నిండిందో చూసుకుంటూ పంచుతారు. సినిమా రంగంలో గానీ పత్రికల్లో గానీ పనిచేసేవాళ్ళని తేలితే ఇవ్వరు. ఆట అయిపోయాక మోకాలి మీద పెట్టుకొని పొట్టి పెన్సిలుతో నింపే ఆ కార్డులో ప్రశ్నలు చాలా ఉన్నా, మర్నాడు స్టూడియో పెద్దలు చూసేవి రెండే: "అద్భుతం", "చాలా బాగుంది" అన్న పై రెండు గళ్ళలో టిక్కు పెట్టినవాళ్ళు నూటికి ఎందరు, ఇతరులకు "తప్పకుండా చూడమని చెబుతాను" అన్నవాళ్ళు ఎందరు. ఆ తర్వాత ఇరవై మందిని ముందు వరుసల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటే, వెనక చీకట్లో దర్శకుడు ఊపిరి బిగబట్టి వింటూ ఉంటాడు. 1987 నాటి 'ఫేటల్ అట్రాక్షన్' ముగింపు ఇట్లాంటి ప్రదర్శనల్లో జనానికి నచ్చకపోవడంతో మళ్ళీ కొత్తగా తీశారు కాబట్టి, ఆయన భయం ఉత్త భయం కాదు.

కొత్తలో ఈ నాలుగు గళ్ళూ మనుషుల అభిరుచిని గురించి ఎవరో పండితులు కనిపెట్టిన శాస్త్రమనుకున్నాను. ఎన్నికల సర్వేలతో పేరు తెచ్చుకున్న జార్జ్ గాలప్ 1940లోనే ఆర్‌కేవో స్టూడియోకు ప్రేక్షకుల సర్వేలు చేసిపెట్టాడని చదివాక ఆ గౌరవం మరింత పెరిగింది. చాలా ఏళ్ళ తర్వాత గానీ అసలు సంగతి నాకు తట్టలేదు. అమెరికాలో టీవీ ప్రకటనలను 18 నుంచి 49 ఏళ్ళ వాళ్ళు ఇందరు, అందులో ఆడవాళ్ళు ఇందరు అన్న లెక్కన అమ్ముతారు; సినిమా ప్రచారం డబ్బులో పెద్ద భాగం టీవీకే పోయిన రోజుల్లో, ప్రకటన ఏ గడి లెక్కన దొరుకుతుందో ప్రేక్షకుణ్ణి కూడా ఆ గడి లెక్కనే కొలవడం స్టూడియోలకు వీలుగా ఉండింది. 25వ పుట్టినరోజు నాడు ఎవరి ఇష్టాలూ తారుమారు కావు. అమ్మకానికి ఏ గోనెసంచి వాడారో దాని కొలతే సరుకు కొలత అయి కూర్చుంది.

పోయిన సంక్రాంతి సెలవులో ఈ మాట చెబితే, మామ తన లెక్క చెప్పుకొచ్చాడు. ఆట ఆటకూ నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ తరగతుల్లో ఎన్ని టికెట్లు తెగాయో రాసే డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు, మా ప్రాంతానికి సినిమా హక్కులు కొనుక్కున్న బయ్యరు పంపిన రెప్రజెంటేటివ్ కోసం. అది ఎంత డబ్బు వచ్చిందో చెబుతుంది గానీ ఎవరు వచ్చారో చెప్పదు. అందుకని ఆయన రాత్రి ఇంటికి పోయే ముందు సైకిల్ స్టాండు చీటీలూ, ఇంటర్వెల్లో క్యాంటీన్ అమ్మకమూ అడిగేవాడు. సైకిళ్ళు నిండి క్యాంటీన్ ఖాళీగా ఉంటే చాపాడు, రాజుపాలెం వైపు నుంచి మగపిల్లలు మాత్రమే వచ్చినట్టు. ఆ సినిమా పదో రోజుకు నిలబడదు. సైకిళ్ళు పలచగా ఉండి గోళీసోడాలూ మురుకులూ అయిపోతే, వీధుల్లోంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని నడిచి వచ్చినట్టు. యాభై రోజుల పోస్టరుకు చెప్పేయవచ్చు. కేసీ కాలువకు నీళ్ళొచ్చి నాట్లు మొదలైతే పల్లెల ఆడవాళ్ళు మ్యాట్నీకి రారు. రంజాన్ నెలంతా ఫస్ట్ షో వెలవెలబోతుంది, పండగ రోజు మాత్రం నాలుగు ఆటలూ హౌస్‌ఫుల్. దసరాకు అమ్మవారిశాల ఉత్సవం చూడవచ్చిన చుట్టాలను ఇంటివాళ్ళు సెకండ్ షోకు పంపి, ఆ రెండున్నర గంటలు కాస్త నడుము వాలుస్తారు.

"సినిమాకు మనిషి రాడురా అల్లుడూ, ఇల్లొచ్చాది" అన్నాడు. "ఇంటిని నీ నాలుగు గళ్ళలో యాడ పెడ్తావు?"

నా దగ్గర జవాబు లేదు. దానికి బదులుగా ఒక తప్పు మాత్రం ఉంది. శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఒక కుటుంబ చిత్రం ప్రదర్శన అయ్యాక కార్డులు సర్దుతుంటే, ఒకే చేతిరాతతో అయిదు కనబడ్డాయి. అయిదింటిలోనూ "అద్భుతం" మీదే టిక్కు. ఒకరే అయిదు నింపితే అవి చెల్లవు అన్నది మా నియమం. నేను వాటిని పక్కకు తీసేశాను. బయటికి వచ్చాక పార్కింగ్ దగ్గర చూస్తే, మెక్సికో నుంచి వచ్చిన ఒక ముసలామె, ఆమె కూతుళ్ళు, మనవడు వ్యాన్ ఎక్కుతున్నారు. ఇంగ్లిష్ చదవడం రాని ఆ ఇంటివాళ్ళు ఒక్కొక్కరు చెప్పిన జవాబును ఆ పిల్లవాడు వాళ్ళ వాళ్ళ కార్డుల్లో రాశాడు. అమెరికాలో తలసరి లెక్కన థియేటరుకు ఎక్కువ సార్లు వెళ్ళేది లాటినోలేనని, అంటే మెక్సికో వంటి దేశాల మూలాలున్నవాళ్ళేనని, స్టూడియోల సంఘమైన మోషన్ పిక్చర్ అసోసియేషన్ వార్షిక నివేదికలు ఎన్నో ఏళ్ళు చెబుతూ వచ్చాయి; ఆ నివేదికలు నా బల్ల మీదే ఉండేవి. అయినా ఆ అయిదు కార్డులనూ తిరిగి లెక్కలో చేర్చమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, అప్పటికి నా వీసా కాగితాలు పై అధికారి సంతకం కోసం ఎదురు చూస్తున్నాయి. విడుదలయ్యాక ఆ సినిమా శుక్రవారం నీరసంగా మొదలై, ఆదివారం మధ్యాహ్నం ఆటలకు పుంజుకుంది. మా సంస్థ నివేదికలో దాన్ని ఊహించని పరిణామం అని రాశారు. ఆ వాక్యం రాసింది నేనే.

అట్లాగని మామ లెక్కను నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఇంటి ఇంటినీ ఎరిగిన ఆ మనిషే, బయ్యరు వచ్చి "సీడెడ్‌లో మాస్ తప్ప ఏదీ ఆడదు" అంటే తలూపేవాడు. సీడెడ్ అంటే కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, వాటితో పాటు ఏనాడో కర్ణాటకలో కలిసిపోయిన బళ్ళారి. చిత్తూరులో చాలా భాగం తప్పిస్తే, తన కోసం ఉంచిన ఇంగ్లిష్ కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం ఆ కంపెనీకి అప్పజెప్పిన నేల అది. దత్త మండలాలన్న పేరు అవమానంగా తోచి 1928లో నంద్యాల సభలో మనవాళ్ళు రాయలసీమ అని పెట్టుకున్నా, సినిమా వ్యాపారం మాత్రం పాత పేరునే పట్టుకు వేలాడుతోంది. హక్కులు ఈ మొత్తానికీ ఒకే బేరంగా అమ్ముడవుతాయి కాబట్టి, ఆదోనిలో కన్నడం మాట్లాడే ఇంటికీ, కడపలో ఉర్దూ మాట్లాడే ఇంటికీ, అనంతపురంలో హాస్టల్ కుర్రవాడికీ కలిపి ఒకే రుచి అంటగట్టారు. సుమోలు గాలిలోకి లేచే ఫ్యాక్షన్ సినిమాలు వరస కట్టిన రోజుల్లో, అది మా ప్రాంతం కోరిక అన్నారు. ఆ సినిమాలకు కోస్తాలోనూ నైజాంలోనూ డబ్బులు బాగానే వచ్చాయన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఇందులో నాకు నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. ప్రొద్దుటూరులో ఉన్నన్నాళ్ళూ నేను మాస్. అమెరికా విమానం ఎక్కగానే ఓవర్సీస్ అనే పెట్టెలో పడి, ఫ్యామిలీ కథలే ఇష్టపడే క్లాస్ ప్రేక్షకుణ్ణి అయిపోయాను. గురువారం రాత్రి ప్రీమియర్‌కు మామూలు టికెట్టుకు రెండింతలు పెట్టి వెళ్ళి, తెర ముందు కాగితాలు చించి ఎగరేసే మమ్మల్ని చూసి ఆ మాట ఎవరన్నారో గానీ! ఇక మా ఆఫీసు కార్డులో నేను ఆసియన్, మగ, 25 పైన.

వయసూ ఊరూ అడగకుండానే రుచి కనిపెట్టవచ్చన్న వాదం కూడా ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2006లో ప్రకటించి 2009లో ఇచ్చిన 10 లక్షల డాలర్ల బహుమతి, ఎవరికి ఏ సినిమా ఎంత నచ్చుతుందో మెరుగ్గా అంచనా కట్టే పోటీకి; అందులో ఎవరు ఏ సినిమాకు ఎప్పుడు రేటింగుగా ఎన్ని చుక్కలు ఇచ్చారన్న వివరం తప్ప ఆ మనుషుల గురించి ఇంకేమీ ఇవ్వలేదు. ఇది విని మామ, "అది ఇంట్లో కూర్చొని చూసేవాళ్ళ సంగతి, గడప దాటేవాళ్ళది యేరే" అని కొట్టిపారేశాడు.

ఆయన ఇప్పుడు సైకిల్ స్టాండు బదులు ఫోను పట్టుకున్నాడు. ఆ సాయంత్రం టికెట్ల యాప్‌లో సీట్ల పటం తెరిచి, అమ్ముడైన గళ్ళ మీద వేలు పెట్టి చూపించాడు. "ఇవి మూడు మూడుగా పోయినాయి సూడు, మొగుడూ పెండ్లామూ బిడ్డ. ఈ వరసంతా ఒకేసారి పోయింది, చుట్టాలొచ్చినారు. ఒంటి సీట్లు పోయింది యాడా లేదు. రెండో వారం ఖాయం."

బర్బాంక్‌కు తిరిగి వచ్చాక ఒక శుక్రవారం రాత్రి, మా ట్రాకింగ్‌లో, అంటే విడుదలకు ముందు జనాన్ని అడిగి కట్టే లెక్కలో, నాలుగు గళ్ళూ బాగున్న ఒక సినిమాకు సీట్ల పటం తెరిచి చూశాను. ఎక్కడ చూసినా ఒంటి సీట్లే తెగాయి. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు గానీ మామకు ఫోన్ చేశాను. "సోమవారం తీసేచ్చారు" అన్నాడు. ఇక్కడ సోమవారం తీయరని, ఎంత ఖాళీగా ఉన్నా గురువారం దాకా ఆడిస్తారని చెప్పాను. "కరెంటు బిల్లు ఎవురు కడ్తారు?" అని అడిగాడు.