ఆఫ్-క్యాంపస్‌లో కొట్టేశాం!

కాలేజీ క్యాంపస్ సెలెక్షన్లలో కాకుండా బయట వెతుక్కుని ఉద్యోగం కొట్టా, వచ్చే సోమవారం జాయినింగ్. "ఎలా కొట్టావ్ రా?" అని మా బ్యాచ్ వాళ్లు ఒకటే మెసేజ్‌లు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ పోస్టు.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర హాస్టల్లో ఉంటూ జావా (ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకున్నా. కోర్సు బాగానే చెప్పారు. "వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న బోర్డు మాత్రం బోర్డుగానే ఉండిపోయింది. ఇక కన్సల్టెన్సీల పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే కాల్స్‌కి లెక్కే లేదు. ఉద్యోగం ఇస్తానన్నవాడు డబ్బులడిగితే ఇంకో మాట లేకుండా ఫోన్ పెట్టేయండి.

నాకు కలిసొచ్చింది రెఫరల్, అంటే కంపెనీలో పనిచేసేవాళ్లు మన పేరు సిఫార్సు చేయడం. "ఏదైనా ఉంటే చూడన్నా" అంటే ఏ సీనియరైనా "సరేలే తమ్ముడూ" అంటాడు, అంతే. వాళ్లకి మాత్రం తీరికెక్కడిది పాపం! కంపెనీ కెరీర్స్ పేజీలోంచి జాబ్ ఐడీ, ఒక్క పేజీ రెజ్యూమె, ఆ పనికి నేనెందుకు సరిపోతానో రెండు లైన్లు కలిపి ఓ సీనియర్ అన్నకి పంపా. ఆ సాయంత్రమే కంపెనీ పోర్టల్లో ఎక్కించేశాడు అన్న.

ఇంటర్వ్యూ అంతా నా ప్రాజెక్టు మీదే. హాస్టల్ మెస్ లెక్కల యాప్ అది. "ఇద్దరు ఒకేసారి ఎంట్రీ చేస్తే ఏమవుతుంది?" అని పట్టుకున్నారు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టయితే అక్కడే దొరికిపోయేవాణ్ని.

బీకాం, బీఎస్సీ వాళ్లు కేంద్రం నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్ కూడా చూడండి. స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణ ఉంటుంది. 2014లో అప్రెంటిస్ చట్టం సవరించాక ఇంజినీరింగ్ కాని డిగ్రీలకీ అవకాశమిచ్చారు.

నా రెజ్యూమె ఫార్మాట్ కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తా.