ఏటి మధ్య లంకలో ఉన్నవాడికి

యజుర్వేదంలో శివుణ్ణి కొలిచే రుద్రాన్నే నమకం అంటాం. దాని ఐదో అనువాకం, అంటే ఐదో భాగం, చివర ఒక మాట ఉంది. చాలామంది అక్కడికొచ్చేసరికి, అనువాకం అయిపోతోంది కదా అని పరుగందుకుంటారు. "నమ ఊర్మ్యాయ చావస్వన్యాయ చ, నమః స్రోతస్యాయ చ ద్వీప్యాయ చ." అలలో ఉన్నవాడికి, అలికిడి లేని నిలవ నీటిలో ఉన్నవాడికి, పారే ఏటిలో ఉన్నవాడికి, ఆ ఏటి మధ్య లంకలో ఉన్నవాడికి నమస్కారం. నేను పుట్టింది గోదావరి లంకలో. "ద్వీప్యాయ" దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. వేదం మా ఊరి పేరు పెట్టి స్వామిని పిలిచినట్టే ఉంటుంది.

కోనసీమే ఒక పెద్ద లంక. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. అందులో మళ్లీ పాయకో లంక. పెళ్లికైనా, పురుటికైనా, బడికైనా ముందు రేవు దాటాలి. వంతెనలు వచ్చాయి, నిజమే. అయినా వరదొచ్చి కాజ్‌వేలు మునిగితే ఇప్పటికీ చాలా లంకలకి పడవే దిక్కు. 1986 ఆగస్టులో, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి లేచిన ఆ పెద్ద వరదలో, మా నాన్నమ్మ రెండు రాత్రులు అటక మీద కూర్చుంది. భయం వెయ్యలేదా నాన్నమ్మా అని అడిగితే, "శివయ్య వచ్చి మన చుట్టూ కూర్చున్నాడ్రా, ఆయన లేచేదాకా మనం లేవకూడదు" అంది. ఆవిడకి నమకం రాదు. "ఊర్మ్యాయ" అన్న మాటకి ఇంతకంటే చక్కటి అర్థం నేను ఏ వ్యాఖ్యానంలోనూ చూడలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. సరిగ్గా ఆ రోజే మా దగ్గర పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభలెక్కి, అంటే వెదుళ్లతో కట్టి భుజాల మీద మోసే వాహనాలెక్కి, గుడి వదిలి బయల్దేరతారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి. అందరూ చేరేది జగ్గన్నతోటకి. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. కొబ్బరితోట, అంతే. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇస్తాడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి వచ్చే వేళకి మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు, పెద్దాయన వస్తే అందరం లేచి నిలబడమూ, అలాగ. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. సంతోషమే. కానీ శకటం రోడ్డు మీద నడిచింది, ప్రభ నడిచే దారి వేరు.

రుద్రంలో అనువాకాలు పదకొండు, రుద్రులు పదకొండుమంది, ప్రభలు పదకొండు. ఇది అందరూ చెప్పేదే. నా మనసు పట్టుకున్నది పదకొండో అనువాకంలో ఉన్న మూడే మాటలు: "యే తీర్థాని ప్రచరంతి". తీర్థాల్లో తిరిగే రుద్రులట! తీర్థం అంటే అసలు అర్థం నీళ్లలోకి దిగి దాటే చోటు. రేవు. మా వైపు జాతరని తీర్థం అనే అంటాం, ఎందుకంటున్నామో ఆలోచించం. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువ దాటేటప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. తాటి దూలాల మీద వెదుళ్లు వంచి కట్టి, రంగురంగుల బట్టలు, నెమలి ఈకలు, పూలదండలు, కొత్త వరికంకులు, గంటలు వేలాడదీసిన అంత ప్రభని భుజాల మీద పెట్టుకుని నీళ్లలోకి దిగుతారు. నడుము లోతు, ఆ తర్వాత ఛాతీ లోతు. కాలి కింద బురద జారుతుంది. ప్రభ ఒరిగిపోకుండా అటూ ఇటూ మోకులు పట్టుకుంటారు. "అశ్శరభ శరభ" అని ఒకరు అందుకుంటే గట్టు గట్టంతా అందుకుంటుంది.

ఎనిమిదో అనువాకం ఒక్కసారి ఆగి ఆగి చదవండి. "నమః పార్యాయ చావార్యాయ చ", అవతలి ఒడ్డున ఉన్నవాడు, ఇవతలి ఒడ్డున ఉన్నవాడు. "నమః ప్రతరణాయ చోత్తరణాయ చ", దాటించేవాడు, గట్టెక్కించేవాడు. "శష్ప్యాయ చ ఫేన్యాయ చ", ఒడ్డున లేత గడ్డిలో ఉన్నవాడు, నురగలో ఉన్నవాడు. "సికత్యాయ చ ప్రవాహ్యాయ చ", ఇసుకలో ఉన్నవాడు, ప్రవాహంలో ఉన్నవాడు. ప్రతరణం అంటే మంత్రజపంతో పాపాన్ని దాటించడమని, ఉత్తరణం అంటే జ్ఞానంతో సంసారాన్ని దాటించడమని పెద్దలు చెప్పారు. శిరోధార్యం. కానీ రేవులో పడవెక్కి, గడ్డీ నురగా ఇసుకా తొక్కి బతికినవాడికి ఆ వరసంతా కళ్ల ముందే ఉంది. స్వామిని వెతకడానికి నీటిని దాటి ఎక్కడికో పోనక్కర్లేదు, దాటుతున్నంతసేపూ ఆయన కాళ్ల కిందే ఉన్నాడు.

గట్టెక్కాక ప్రభ పొలాల్లోకి దిగుతుంది. అప్పటికి దాళ్వా నాట్లు పచ్చగా ఉంటాయి. అందరి కాళ్ల కిందా చేను నలుగుతుంది. ఒక్క రైతు ఒక్క మాట అనడు. స్వామి తొక్కిన చేను రెట్టింపు పండుతుందని నమ్మకం. ఆరో అనువాకంలో "ఉర్వర్యాయ చ ఖల్యాయ చ" అని ఉంది: పండే చేలో ఉన్నవాడు, కళ్లంలో ఉన్నవాడు. కొత్త వరికంకులు ప్రభకి కట్టేది అందుకే అనుకుంటాను.

ఇప్పుడు బాధ కలిగించే మాట చెప్పాలి. ఆ గట్టు మీద ఈమధ్య దండం పెట్టే చేతులకంటే ఫోన్ ఎత్తిన చేతులే ఎక్కువ. నేనూ అందులో ఒకణ్ణే. కొన్నేళ్ల కిందట కౌశిక గట్టు మీద వీడియో తీస్తూ నిలబడ్డాను. ప్రభ గట్టెక్కే చోట ముందు వరసలో ఒక పెద్దాయన కాలు జారింది. భుజం మీద మడత పెట్టుకున్న తువ్వాలు నీళ్లలో పడింది, వట్టి భుజం మీద దూలం ఒరుసుకుని ఎర్రగా చారపడింది. ఆయన తలెత్తి, సరిగ్గా నా ముఖంలోకి చూసి, "బాబూ, ఒక చెయ్యెయ్యి నాయనా" అన్నాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకునేలోపు వేరెవరో దిగి పట్టుకున్నారు. ప్రభ వెళ్లిపోయింది. ఆ వీడియోలో ఆయన గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. ఇప్పటికీ పూర్తిగా చూడలేను. "ప్రతరణాయ" అని పాతికేళ్లుగా రోజూ చదువుతున్నాను, దాటించే పనిలో చెయ్యి వెయ్యమని ఆయనే అడిగితే చెయ్యి ఖాళీ లేదు నాకు!

అందుకే అడుగుతున్నాను. కనుమకి వస్తే చూడ్డానికి రాకండి, మొయ్యడానికి రండి. భుజం పట్టలేకపోతే మోకు పట్టండి, అదీ చేతకాకపోతే దారిలో ఒక బిందె మంచినీళ్లు పట్టుకుని నిలబడండి. చెప్పులు ఊళ్లోనే వదిలెయ్యండి. ఏ ప్రభ ఎత్తు ఎక్కువ, ఏ ఊరిది గొప్ప అని లెక్కలు వెయ్యకండి. పదకొండు పేర్లున్నా శివుడొక్కడే. డీజేలు పెట్టి శరభ కేకని ముంచెయ్యకండి. నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ కప్పులు తోటలో, కాలువలో పారెయ్యకండి. "స్రోతస్యాయ" అని నోటితో అని ఆ స్రోతస్సులోనే చెత్త వేస్తే ఎవరి మీద వేసినట్టు? మందు తాగి దూలం కింద భుజం పెట్టకండి, పక్కవాడి ప్రాణం కూడా దాని మీదే ఉంది. రుద్రం వచ్చినవాళ్లు ఆ గట్టు మీద ఎనిమిదో అనువాకం నెమ్మదిగా, మాట మాటకీ ఆగి చదవండి. పిల్లల్ని తీసుకురండి, బురదలోకి దిగనివ్వండి, బట్టలు పాడవుతాయని టెన్షన్ పడకండి.

మా నాన్న ప్రభ మోసిన ఏడాదుల్లో రాత్రి ఎప్పుడో పడవ దిగి ఇంటికొచ్చేవారు. కాళ్లు కడుక్కోకుండా ఎవర్నీ గడప దాటనివ్వని నాన్నమ్మ, ఆ ఒక్క రాత్రి చెంబు ముట్టుకునేది కాదు. నాన్న భుజం మీది బురద తువ్వాలు తీసుకుని కళ్లకద్దుకునేది. నేల మీద రాలిన మట్టికి చీపురు తగలనిచ్చేది కాదు. తెల్లవారాక తనే కూర్చుని, అరచేత్తో దగ్గరికి చేర్చి, తులసికోటలో పోసేది.