గుండు పిల్లవాడు, పసుపు అంగీ

నల్లగొండ రామగిరిలోని మా పాత ఇంట్లో నాయనమ్మ సందుగను దులుపుతుంటే, చీరల కింద పరిచిన దినపత్రిక కాగితం మీద మూడు గడుల బొమ్మల కథ ఒకటి కనిపించింది. పెట్టె అంచుకు సరిపోవడానికి ఎవరో మూడో గడిని కత్తిరించారు కనుక, గొడుగు కోసం ఇల్లంతా వెతుకుతున్న ఆ పెద్దమనిషికి అది దొరికిందో లేదో తెలియదు; ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. దినపత్రికలో పుట్టిన పాత్రకు ఆ కాగితమే ఒళ్లు, అది చిరిగితే పాత్రకూ నూకలు చెల్లినట్టే.

అలా మరుగున పడినవారిలో నాకు అందరికంటే ప్రియమైనవాడు మికీ డూగన్. 1895లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో రిచర్డ్ ఔట్‌కాల్ట్ గీసిన ఈ పేదవాడ పిల్లవాడికి పేల బాధ లేకుండా తీసిన గుండు, పెద్ద చెవులు, పాదాల దాకా వేలాడే అంగీ ఉండేవి. యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజున అన్న అంగీ తొడుక్కుని నేను దిగిన ఫొటో వాడిని చూసినప్పుడల్లా గుర్తుకొస్తుంది. 1896లో ఆ అంగీకి పసుపు రంగు పడింది, వాడు చెప్పే మాటలన్నీ దాని మీదే రాసి ఉండేవి.

ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన ఫోనోగ్రాఫు (మాటలను పట్టి వినిపించే పాతకాలపు యంత్రం) కథను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఫోనోగ్రాఫు పలికే మాటలు గాలిబుడగల్లో వరుసగా వస్తుంటాయి, చివరి గడిలో ఆ పెట్టెలోంచి చిలుక బయటపడుతుంది. మాట అంగీని వదిలి బుడగలోకి చేరడం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అప్పటికే ఔట్‌కాల్ట్‌ను పత్రికాధిపతి హెర్స్ట్ తన జర్నల్ పత్రికకు తీసుకుపోగా, వరల్డ్ కోసం జార్జ్ లక్స్ అదే పిల్లవాడిని గీయడం మొదలుపెట్టాడు. ఒకే నగరంలో రెండు పత్రికలు ఒకే బాలుణ్ని తమవాడంటే తమవాడని పాఠకుల ముందు నిలబెట్టిన ఆ పోరులోంచే ‘ఎల్లో జర్నలిజం’ అనే మాట, అంటే సంచలనం కోసం వార్తలను పెంచి రాసే పత్రికా ధోరణికి పేరు, స్థిరపడింది. 1898 నాటికి వాడి కథలు ఆగిపోయాయి. ఈ రోజు మన దగ్గర టీకొట్టు ముచ్చట్లలో సైతం ఆ మాట వినిపిస్తుంది కానీ, దాని వెనుక ఒక గుండు పిల్లవాడు ఉన్నాడని అనుకునేవారు అరుదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

గొడుగు పెద్దమనిషి కాగితాన్ని జాగ్రత్తగా తీసి పుస్తకంలో పెట్టాను. అటక మీది రెండో సందుగను వచ్చే ఆదివారం దింపుతాం.