కేసు పొడవును కొలిచాకే కత్తిరించాలి

రైఫిల్ తూటాలను ఇంట్లోనే రీలోడ్ చేసుకోవడం (కాల్చిన ఖాళీ కేసులను మళ్లీ నింపి వాడుకోవడం) కొత్తగా మొదలుపెట్టిన మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇత్తడి కేసును, అంటే తూటాలో మందు ఉండే గొట్టాన్ని, ఎన్నిసార్లు కాల్చాక ట్రిమ్ చేయాలి (మూతి కత్తిరించి పొడవు తగ్గించాలి)? నేను సంఖ్య చెప్పను, కాలిపర్‌తో కొలవమంటాను.

ఇక్కడ టెక్సస్‌లో నా బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో (బోల్ట్‌ను చేత్తో జరిపి తూటా ఎక్కించే రకం) వాడేది .308 వించెస్టర్ తూటా. దాని కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు కాగా, ట్రిమ్ చేసేటప్పుడు 2.005 అంగుళాలకు తగ్గించడం ఆనవాయితీ. అంటే మనకున్న వెసులుబాటు అంగుళంలో నూరో వంతు మాత్రమే.

కాల్చినప్పుడు కేసు ఉబ్బి ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడలకు అతుక్కుంటుంది. ఆ ఉబ్బిన ఇత్తడిని ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై (కేసును తిరిగి సరైన కొలతకు తెచ్చే అచ్చు) అన్ని వైపులా నొక్కినప్పుడు లోహం మెడవైపు జరుగుతుంది. డైలోని ఎక్స్‌పాండర్ (మెడ లోపలి వెడల్పును సరిచేసే గుండు) బయటికి వస్తూ మెడను మరికాస్త లాగుతుంది. కాబట్టి కొలవవలసింది సైజింగ్ తరువాతే. మొదటి ఏడాది నేను ముందే కొలిచి, అన్నీ హద్దులోనే ఉన్నాయనుకున్నాను. రేంజ్‌లో బోల్ట్ బిగుసుకున్నాక గానీ నా పొరపాటు తెలిసి రాలేదు. ఆ రోజు కాల్చకుండా ఇంటికి తిరిగి రావడమే నేను చేసిన మంచి పని. ఎందుకంటే హద్దు మించిన కేసు మూతి ఛాంబర్ చివరి అంచుకు ఒత్తుకుని బుల్లెట్‌ను బిగించి పట్టేస్తుంది, అప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు.

కేసు ఎంత త్వరగా సాగుతుందన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. బోల్ట్ యాక్షన్‌లో కేసు భుజాన్ని (మెడ కింద సన్నబడే వాలు భాగాన్ని) అంగుళంలో 0.002 వంతు మాత్రమే వెనక్కి జరిపేలా డైని అమర్చి, మెడ లోపల కూడా కాస్త లూబ్ (జారుడుకు పూసే కందెన) రాస్తే సాగుదల బాగా తగ్గుతుంది. ట్రిమ్ చేశాక మూతి అంచును లోపలా బయటా నునుపు చేయడం మరవకూడదు.

అన్నిటికంటే నేను పట్టించుకునేది మరొకటి. పదేపదే సాగే కేసులో గోడ, అడుగుకు కాస్త పైన పలచబడుతుంది. అందుకే ఎక్కువసార్లు ట్రిమ్ చేయవలసి వచ్చిన కేసుల్లో కొన వంచిన పేపర్ క్లిప్‌ను దించి గోడ వెంట పైకి లాగి చూస్తాను. అక్కడ గాడి తగిలితే, పొడవు ఎంత సరిగ్గా ఉన్నా ఆ కేసును నొక్కి పారేస్తాను.